పిల్లరు ఊచలు లెక్కపెట్టి మరీ కట్టించు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గుణుపురంలో ఇంటికి ముగ్గు పోశావని తెలిసింది. ఊచలు కొనకముందే మేస్త్రితో ఈ లెక్క తేల్చుకో.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లలో "తొమ్మిదంగుళాలకి పన్నెండు పిల్లరేగా, నాలుగు 12 ఎం.ఎం. ఊచలు చాలు" అనేస్తారు. చాలవు. కాంక్రీటు కట్టడాలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 (2000) ప్రకారం పిల్లరు అడ్డుకోత వైశాల్యంలో కనీసం 0.8 శాతం ఇనుము ఉండాలి. తొమ్మిదికి పన్నెండంటే 230 × 300 మి.మీ., ఆ పిల్లరుకి అది 552 చదరపు మి.మీ. నాలుగు 12లు కలిపితే వచ్చేది 452. ఆరు వేస్తే 678 వస్తుంది గానీ, నడిమి ఊచలు రెండింటినీ పట్టి ఉంచే లింకు (అడ్డ కొక్కెం) ప్రతి రింగు (నిలువు ఊచల్ని చుట్టి కట్టే చట్రం) దగ్గరా కట్టాలి. పక్కన నిలబడకపోతే అది ఎగ్గొడతారు. నన్నడిగితే మూలకొకటి చొప్పున నాలుగు 16లు వేయించు: 804 వస్తుంది, నాలుగు 12ల కంటే మీటరుకి 2.8 కిలోల ఇనుమే ఎక్కువ. అదే 230 × 450 పిల్లరైతే 828 కావాలి, నాలుగు 16లూ చాలవు. నడిమిన రెండు 12లు, వాటికి లింకూ తప్పవు.

బరువు మోసేది కాంక్రీటే కదా అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ కాంక్రీటు కుంచించుకుపోతూ తన బరువులో కొంత ఊచల మీదకి నెడుతుంది. ఊచలు మరీ తక్కువైతే లొంగిపోతాయి.

రింగులు 8 ఎం.ఎం.వి. దూరం పిల్లరు సన్న వైపు కొలతనీ, సన్న ఊచకి 16 రెట్లనీ, 300 మి.మీ.నీ, దేన్నీ దాటకూడదు. అడుగుకొకటి కడితే ఊచలు బయటికి ఉబ్బుతాయి. 16లకి 8 అంగుళాలు, 12లు ఉన్నచోట 7 పెట్టించు. రింగు కొసలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి. కవరు, అంటే ఇనుము చుట్టూ ఉండే కాంక్రీటు మందం, 40 మి.మీ.; అది నిలవడానికి పెట్టేవి రాతిముక్కలు కాదు, సిమెంటు బిళ్లలే.

మీది భూకంప జోన్ 3 అని ఇంజనీరు తేలిస్తే భూకంపాలకి తట్టుకునే కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 13920 (2016) వర్తిస్తుంది. అప్పుడు పిల్లరు ఏ వైపూ 300 మి.మీ.కి తగ్గకూడదు, తొమ్మిదంగుళాల మాటే మరిచిపో.

ఆరంగుళాల కాంక్రీటు గోడ కడితే దాని అడ్డుకోత వైశాల్యంలో కనీసం నిలువు ఇనుము 0.12 శాతం, అడ్డ ఇనుము 0.20 ఉండాలి. అంటే 8 ఎం.ఎం. ఊచ అడ్డంగా 160 మి.మీ.కి, నిలువుగా 275 మి.మీ.కి ఒకటి. గోడ ఆరుతూ కుంచించుకుంటుంటే పునాది కదలనివ్వదు, నిలువుగా బీటలిస్తుంది. వాటిని పట్టేది అడ్డ ఊచలే, అందుకే అవి ఎక్కువ.

వెనక కొండవాలు మట్టిని ఆపే గోడకి మాత్రం ఈ లెక్క పనికిరాదు. దానికి మట్టి తోపుడు లెక్కగట్టి ఇంజనీరు వేరే డ్రాయింగు ఇవ్వాల్సిందే.

ఇట్లు,
మీ మావయ్య