పానగల్లు పోతుంటే ఇట్ల చూడు

బిడ్డా,

ఆదివారం ఫ్రెండ్స్‌తోటి నల్గొండ పక్కనున్న పానగల్లు పోతున్నం, ఏం చూడాలె పెద్దనాయనా అని మెసేజ్ పెట్టినవ్ గదా, ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవని రాస్తున్న. మొదటి మాట, ఛాయా సోమేశ్వరం గుడికి ముందుగాల పోకు. అందరూ అక్కడ లింగం వెనక పడే నీడ కోసమే ఉరుకుతరు, ఓ వీడియో తీసుకుంటరు, ఇంటికొస్తరు, ఊర్లనే ఉన్న పచ్చల సోమేశ్వరం గుడి దిక్కు చూడనే చూడరు. రెండూ జంటగ చూస్తెనే, అప్పట్ల ఈ దిక్కు ఏలిన కందూరు చోళ రాజుల పని ఏందో తెలుస్తది.

పొద్దుగాల్నే పచ్చలకు పో. అక్కడ గర్భగుళ్ళు నాలుగు, పడమటి దిక్కు మూడు, వాటికెదురుంగ తూర్పున ఒకటి, నడుమ పొడుగు మండపం. స్తంభాలు చూడు, కింద నుంచి పైదాంక చూడు, రామాయణం భారతం కథలన్నీ జానెడు జానెడు బొమ్మల్ల చెక్కిండ్రు. సెల్‌ఫోన్ లైట్ ఎదురుంగ కొడితే ఏం కనబడది, పక్క నుంచి కొట్టు, అప్పుడు గీత లేస్తది. ఒక్క స్తంభానికి పావుగంట పట్టినా తొందరపడకు. పక్కనే మ్యూజియం ఉంది, అది తెరిచి ఉంటే లోపలికి పోండి, చుట్టుపక్కల దొరికిన శిల్పాలు పెట్టిండ్రు.

తర్వాత ఛాయా సోమేశ్వరం. ఇది త్రికూటం, ఒకటే మండపానికి మూడు గర్భగుళ్ళు. ఇక్కడ పచ్చల అంత చెక్కుడు ఎతకకు, ఇక్కడి తెలివంతా వెలుతురు మీద పెట్టిండ్రు. లింగం వెనక గోడ మీద నిలువు నీడ పడ్తది, పొద్దు తిరిగినా అది జరగది. మాయ అనేటోళ్ళు అంటరు గానీ ఫిజిక్స్ తెలిసినోళ్ళు చెప్పేది ఏందంటే, అది ఎండ తగిలి పడే నీడ కాదు, పక్కల నుంచి మండపంలకు వచ్చే వెలుతురుకు స్తంభాలు అడ్డం పడి అట్ల ఏర్పడ్తది అని. నువ్వు నీడను చూసుడు కంటే స్తంభాల మధ్యల నిలబడి ఏ దిక్కు నుంచి వెలుగు వస్తుందో చూసుకో, మనిషి అడ్డం నిలబడితే ఏం మారుతదో ఫ్రెండ్‌ను నిలబెట్టి చూడు. పూజారిని అడిగినంకనే ఫోన్ తియ్యి.

గుళ్ళు ఒక్కటే కాదు, ఉదయ సముద్రం చెరువు కట్ట కూడా ఎక్కు. అది ఉదయ చోళుని పేరు మీదున్న చెరువు, ఇప్పుడు సాగర్ నీళ్ళతోటి రిజర్వాయర్ లెక్క వాడుతున్నరు. గుడి కట్టిన రాజులు చెరువు కూడా తవ్విస్తెనే వ్యవసాయం నడిచేది, గుడికి దీపం పెట్టే నూనె కూడా ఆ పంట నుంచే.

పిల్లలమర్రి కూడా అదే రోజు అంటే వద్దు, అది సూర్యాపేట దగ్గర, వేరే ఆదివారం పెట్టుకో. అక్కడ కూడా గుళ్ళు జంటనే, నామిరెడ్డి 1202ల కట్టించిన నామేశ్వరం, బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208ల కట్టించిన ఎరకేశ్వరం. కాకతీయుల కింది రేచర్ల రెడ్లు వాళ్ళు. ఆరేండ్ల తేడాల ఏం మారిందో ఈసారి నువ్వే చూసి నాకు చెప్పు. నీళ్ళ బాటిల్ పెద్దది పట్టుకపో, ఎండకు రాయి కాలుతది, చెప్పులు బయటనే విడువాలె.

నీ పెద్దనాయన