సూపర్ మార్కెట్లో కొంటే నిజంగా కలిసొస్తుందా?

బెంగళూరుకు కొత్తగా వచ్చాం, నెల సరుకులు సూపర్ మార్కెట్లో తెచ్చుకోవడం మంచిదా, వీధి చివర కిరాణా కొట్టే నయమా అని ఒకరు అడిగారు. మేం పదకొండేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాం. రెండు చోట్లా కొంటాను. పప్పులు, సబ్బులు, వాషింగ్ పౌడర్ సూపర్ మార్కెట్లో కలిసొస్తాయి, ఎమ్మార్పీ కంటే తగ్గించే ఇస్తారు. నూనె దగ్గర మాత్రం కాస్త ఆగండి.

లీటరు నూనె అంటే 910 గ్రాములని మనందరి లెక్క. ఫలానా సైజుల్లోనే ప్యాక్ చేయాలన్న నిబంధనను 2022లో ఎత్తేశారు. అప్పటినుంచి 870, 850, 840 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. అరలో పెడితే అన్నీ లీటరు ప్యాకెట్లలాగే కనిపిస్తాయి. నిరుడు సంక్రాంతికి అరిసెలు వండాలని నూనెకి వెళ్లాను. ఒక ప్యాకెట్టు 150, పక్కది 145. చెయ్యి 145 మీదకే పోయింది. వెనక్కి తిప్పితే సన్న అక్షరాల్లో 840 గ్రాములని ఉంది. 150ది 910 గ్రాములు. ఫోన్‌లో లెక్క వేశాను. చవక అనుకున్నది కిలో 173 పడింది, ఖరీదనుకున్నది 165! ఐదు రూపాయలు మిగిలాయని సంతోషంగా ఇంటికి వచ్చేదాన్నే. ఆ లెక్క మనం వేసుకోనక్కర్లేకుండా గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ప్యాకెట్టు మీదే అచ్చు వేయాలని కూడా నిబంధన ఉంది. ఎమ్మార్పీ దగ్గర్లోనే చిన్నగా ఉంటుంది, వెతకండి. బిస్కెట్లకైనా షాంపూకైనా నేను ముందు చూసేది అదే.

బియ్యం మాత్రం సూపర్ మార్కెట్లో కొనను. 2022 జులై నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం 25 కిలోల వరకూ 5 శాతం జీఎస్టీ పడుతోంది. అందుకే సోనా మసూరి 26 కిలోల బస్తాలు వచ్చాయి. ఐదు కిలోల సంచులు కొంటే ఆ పన్ను మన నెత్తినే. రైస్ షాపులో బస్తా తీసుకుంటే ఇంటికి తెచ్చి పడేస్తారు, అన్నం ముద్దయితే మార్చి ఇస్తారు కూడా.

కూరగాయలకు మడివాళ మార్కెట్‌కో, దగ్గర్లోని హాప్‌కామ్స్‌కో వెళ్లండి. హాప్‌కామ్స్ 1959లో మొదలైన రైతుల సహకార సంఘం, ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ కాగితం చుట్టిన బెండకాయల్ని కొన విరిచి చూసుకునేదెలా? రెండుసార్లు ముదురువి వచ్చి పారబోశాను. కిలోకి మూడోవంతు చెత్తబుట్టలో పడితే ఆఫర్ ఏం చేసుకుంటాం?

ఇంకొకటి. మా ఇంటి దగ్గర ఒక సూపర్ మార్కెట్లో కందిపప్పు అర మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర. తేడా 38 రూపాయలు. "ఆఫర్ నిన్నటితో అయిపోయింది మేడమ్, స్టిక్కర్ తీయలేదు" అన్నాడు కౌంటర్ అబ్బాయి. ఆ తప్పు నాది కాదు కదా అన్నాను. మేనేజర్ కూడా అదే మాట అంటే, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి అక్కడే ఫోన్ కలపబోయాను. బిల్లు సరిచేసి 38 రూపాయలు చేతిలో పెట్టారు. వెనక క్యూలో ఉన్న పెద్దావిడ తన బిల్లు తీసి, "ఇదీ ఒకసారి చూడమ్మా" అంది. ఆవిడకూ అదే కందిపప్పు, అదే 38.