ప్రెగ్నెన్సీలో షుగర్ వస్తే పుట్టే బిడ్డకీ వస్తుందా?

ఏడో నెలలో షుగర్ బయటపడిందని, కాన్పయితే పోతుందని అత్తగారు అంటున్నారని, అయినా బిడ్డ గురించి భయంగా ఉందని రాశారు. తొమ్మిదేళ్ల కిందట బెంగళూరులో నాదీ ఇదే టెన్షన్. గ్లూకోజ్ నీళ్లు తాగిన రెండు గంటలకి 168 వచ్చింది. 140 దాటితే షుగర్ కిందే లెక్క. దర్శినిలో (అక్కడి చిన్న టిఫిన్ హోటల్లో) సెట్ దోసె మానేశాను. రాగి ముద్ద మంచిదన్నారు కానీ, పెద్దది తింటే మీటర్ దానికీ ఊరుకోలేదు.

అత్తగారి మాట సగం నిజం. చాలామందికి కాన్పయ్యాక రీడింగులు మామూలుకొస్తాయి, నాకూ వచ్చాయి. బిడ్డ సంగతి వేరు. మన రక్తంలోని గ్లూకోజ్ మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డలోకి వెళ్తుంది, మన ఇన్సులిన్ వెళ్లదు. అందుకని బిడ్డ పాంక్రియాస్ తనే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, మిగులు చక్కెర కొవ్వుగా చేరుతుంది. మా పాప 3.8 కిలోలు. చూడ్డానికొచ్చిన వాళ్లు "ఎంత బొద్దుగా ఉందో" అని మురిసిపోతుంటే, షుగర్ పడిపోతుందేమోనని నర్సు మాటిమాటికీ దాని మడమ గుచ్చి చూసేది. బొడ్డు కోయగానే నా చక్కెర అందడం ఆగింది, పాప ఇన్సులిన్ మాత్రం ఇంకా పాత లెక్కలోనే ఉంది మరి.

తర్వాతి సంగతికి దగ్గర్లోనే ఆధారం ఉంది. మైసూరు పార్థెనాన్ అధ్యయనంలో 1997-98లో గర్భిణులకు షుగర్ పరీక్ష చేసి, పుట్టిన పిల్లల్ని ఏళ్లపాటు గమనించారు. షుగర్ ఉన్న తల్లుల పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఒంట్లో కొవ్వూ ఇన్సులిన్ స్థాయీ ఎక్కువగా కనిపించాయి. వంశంలో ఉన్నదేగా అంటారేమో. అమెరికాలోని పిమా ఆదివాసుల్లో ఒకే తల్లి పిల్లల్ని పోల్చి చూస్తే, ఆమెకి షుగర్ రాకముందు పుట్టినవాళ్లకంటే వచ్చాక పుట్టినవాళ్లలోనే డయాబెటిస్ ఎక్కువ. అంటే కడుపులో ఉన్న ఆ తొమ్మిది నెలలదీ పాత్ర ఉంది. అలాగని ప్రతి బిడ్డకీ వస్తుందని కాదు. మా పాప షుగర్ ఇప్పటికి మామూలే, బరువు మీద మాత్రం కన్నేసి ఉంచాం.

ఇప్పుడు అదుపులో పెట్టుకుంటే బిడ్డ మరీ లావుగా పుట్టడం, కాన్పులో ఇబ్బందులు తగ్గుతాయి. అంతటితో బిడ్డకి పెద్దయ్యాక ఊబకాయం రాదని మాత్రం పరిశోధనల్లో తేలలేదు, కాబట్టి తిండి, ఆటల విషయంలో జాగ్రత్త తర్వాతా తప్పదు.

కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల్లోపు మీరు మళ్లీ గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి. నా డిశ్చార్జ్ కాగితంలో ఆ ముక్కే లేదు, రెండేళ్లు ఆలస్యంగా చేయించుకున్నాను. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందని పిల్లల డాక్టరుకి కూడా మొదటి టీకాకి వెళ్లినప్పుడే చెప్పేయండి. నేను పాపకి ఆరేళ్లొచ్చాక చెప్పాను, అదీ ఆయన అడిగితే.