కారు ఆపబోతే ఇంజిన్ ఆగిపోతోంది, ఫ్యూయల్ పంపు మార్చాలా?

ప్రశ్న: నాది పెట్రోల్ కారు, మాన్యువల్ గేరు. రోడ్డు మీద బాగానే పోతుంది కానీ ఆపుదామని క్లచ్ తొక్కగానే ఇంజిన్ ఆగిపోతోంది, మళ్ళీ తాళం తిప్పితే వెంటనే స్టార్టవుతోంది. మెకానిక్ ఫ్యూయల్ పంపు మార్చమంటున్నాడు, మార్చెయ్యమంటారా?

జవాబు: అప్పుడే పంపు జోలికి పోకండి. పంపు వీకయితే మామూలుగా స్పీడులోనో ఎత్తు ఎక్కేటప్పుడో లాగదు, మీకేమో అక్కడ బాగానే ఉందంటున్నారు కదా. యాక్సిలరేటర్ వదిలేశాక త్రాటిల్ ప్లేటు (ఇంజిన్‌లోకి గాలి ఎంత పోవాలో చూసే తలుపు లాంటిది) దాదాపు మూసుకుపోతుంది, ఆ కాస్త సందులోంచి వచ్చే గాలితోనే ఇంజిన్ 700-800 ఆర్‌పీఎం దగ్గర నిలబడాలి, అక్కడ మసి పేరుకుంటే ఊపిరాడక ఆగిపోతుంది. ఇంజిన్ ఆపేసి, ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే పైపు ఊడదీసి టార్చి వేసి చూడండి, ప్లేటు అంచు చుట్టూ నల్లగా జిడ్డుగా ఉంటే దొంగ దొరికినట్టే. త్రాటిల్ క్లీనర్ గుడ్డ మీద కొట్టి మెల్లగా తుడవండి, ఎలక్ట్రానిక్ త్రాటిల్ అయితే ప్లేటుని వేలితో నొక్కి తెరవొద్దు, లోపల గేర్లు పాడవ్వచ్చు. కొన్ని బళ్ళకి తర్వాత స్కానర్‌తో ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ స్పీడు) రీసెట్ చెయ్యాలి, పాత బండయితే ఆ స్పీడుకి గాలి అందించే ఐడిల్ వాల్వ్ కూడా తుడవాలి.

అప్పటికీ ఆగుతుంటే ఇంజిన్ ఆన్‌లో ఉంచి న్యూట్రల్‌లో నిలబెట్టి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోండి, బుస్సుమని సౌండొచ్చి ఆర్‌పీఎం తేడా కొడితే బ్రేక్ బూస్టర్ (బ్రేకు తేలిగ్గా పడేలా సాయం చేసేది) లీకేమో చూపించండి, అది మాత్రం నాన్చొద్దు.