ఎర్రచందనం విత్తనానికి ఎన్ని తల్లిచెట్లు కావాలి?

లంకమలలోనూ శేషాచలంలోనూ ఎర్రచందనం ఇంకా బోలెడుంది, నర్సరీల్లో మొక్కలకు కొదవ లేదు, మరి జన్యు వైవిధ్యం తగ్గిపోతోందని గగ్గోలెందుకు అని అడిగారు. చెట్ల సంఖ్య చూస్తే మీ సందేహం సబబే. కానీ అసలు లెక్క తేలేది తల్లిచెట్ల దగ్గర, అంటే విత్తనం ఏరే చెట్ల దగ్గర.

ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల నడుమ ఇప్పుడు పొలాలు, రోడ్లు, ఊళ్లు వచ్చేశాయి. పుప్పొడికి తేనెటీగలే దిక్కు. కాయకు రెక్క ఉన్నా గాలికి కొంతదూరమే పోతుంది, లోయ దాటి అవతలి కొండకు చేరదు. జన్యు పరీక్షల్లో చాలామంది బోల్తాపడేది ఇక్కడే: నేడు నిలబడి ఉన్న ముసలి చెట్లలో చాలావరకు అడవి ఇంతగా ముక్కలు కాకముందు మొలిచినవి. వాటి ఆకులు పరీక్షిస్తే వైవిధ్యం నిక్షేపంగా కనబడుతుంది. నష్టం ముందుగా బయటపడేది పిల్లమొక్కల్లో. అందుకే పెద్దచెట్ల నమూనాలు, పిల్లమొక్కల నమూనాలు వేర్వేరుగా తీసి పోల్చాలి. ఇంకోటి, నరికిన మోడు నుంచి లేచిన నాలుగు పిలకలను నాలుగు చెట్లుగా రాయకండి. జన్యుపరంగా అవన్నీ ఒకటే.

ఒక అడవి ముక్కలో సంతానానికి సమంగా తోడ్పడే చెట్లు పదే మిగిలితే తరానికి 5 శాతం వైవిధ్యం పోతుంది. 50 ఉంటే 1 శాతమే.

అడవిలో జరిగేదాన్ని మించిన నష్టం విత్తనం ఏరేచోట జరుగుతోంది. ఫిబ్రవరి, మార్చిలో కాయ ఎండగానే రోడ్డు పక్కనో పార్కులోనో ఉన్న ఒకటి రెండు చెట్ల కింద చీపురుతో ఊడ్చి గోనెసంచి నింపేస్తారు. చేతికందే చెట్టు, కష్టం లేదు. ఒంటరి చెట్టుకు సొంత పుప్పొడితో కట్టిన పిందెలు చాలావరకు రాలిపోతాయి, నిలిచిన కాయల్లోనూ తాలు ఎక్కువ. మొలిచినవన్నీ ఒక తల్లి బిడ్డలే. అవే పక్కపక్కన పెరిగి పూస్తే, తండ్రులు వేరైనా సరే, వాటి సంతానంలో అంతఃప్రజనన గుణకం, అంటే ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండుసార్లు వచ్చే అవకాశం, 12.5 శాతం. ఇన్ని లక్షల మొక్కలు నాటామని బోర్డులు పెడతారు, ఎన్ని తల్లులని ఏ బోర్డులోనూ ఉండదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కనీసం 30 తల్లిచెట్లు కావాలి. ఒక జన్యువుకు ఉన్న రూపాల్లో నూటికి 5 పాళ్లే కనబడే రూపం ఒక్కసారైనా మన సంచిలో పడే అవకాశం 95 శాతానికి చేరాలంటే ఆ జన్యువు ప్రతులు 59 కావాలి. ప్రతి చెట్టులో రెండు ప్రతులుంటాయి కాబట్టి, బంధుత్వం లేని 30 చెట్లు. చెట్టుకూ చెట్టుకూ 100 మీటర్ల ఎడం ఉంచండి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కాయ కూడా ఏరకూడదు. ప్రతి చెట్టు కాయలకు విడి సంచి, నంబరు చీటీ. చెట్టుకు 20 కాయలు అడ్డంగా కోసి గింజ నిండుగా ఉందో లేదో చూడండి. తర్వాత రెక్కలు కత్తిరించి, రోజూ నీళ్లు మారుస్తూ మూడు రోజులు నానబెట్టి, తల్లికో మడి వేయండి. సగం మొలిస్తే గొప్పే. అన్నీ ముందే కలిపేస్తే బాగా మొలిచే రెండు మూడు చెట్ల పిల్లలే నర్సరీ అంతా ఆక్రమిస్తాయి. పాలిథిన్ సంచుల్లోకి మార్చేటప్పుడు ప్రతి మడి నుంచి సమానంగా తీయండి. చిన్న మొక్కల్ని ఏరి పారేసేటప్పుడు కూడా అదే మడి మొక్కలతో పోల్చి ఏరాలి. నాటేటప్పుడు ఒకే నంబరువి పక్కపక్కన పడకూడదు.

ఒక కొండ విత్తనం మరో కొండకు పనికిరాదేమోనన్న భయం అనవసరమని నా గట్టి అభిప్రాయం. ఈ కొండలన్నీ రాతి నేలలే, వర్షపాతమూ తక్కువే. అయినా జాగ్రత్తకు, అడవిలో నాటడానికి అదే కొండ విత్తనం ముందు వెతకండి. పొలానికైతే రెండు మూడు కొండలవి కలపడమే మేలు.

మొక్కలు కొనేవాళ్లు ఏ కొండ, ఎన్ని తల్లులు, ఏ ఏడాది కాయ అని అడగండి. రిజిస్టరులో లేకపోతే మూడు నర్సరీల్లో కొని కలపండి. అయితే ముగ్గురికీ విత్తనం ఒకే వ్యాపారి దగ్గర నుంచి వచ్చిందేమో ముందే కనుక్కోండి.