జాబితా ఇచ్చినాయన, తలుపులు పోతపోసినాయన

తమ్ముడూ,

వ్యాసం చదివాను. పునరుజ్జీవన కాలపు ఇటలీలో మానవతావాద పండితులు, అంటే పాత గ్రీకు, లాటిన్ గ్రంథాలు చదివినవాళ్లు, భావం చెబితే, శిల్పులు దాన్ని రాతిలోకీ కంచులోకీ దించారని రాశావు. కలం పట్టినవాళ్ల చెవికి ఇంపైన మాటే. ఫ్లోరెన్స్‌లో బాప్తిస్మాలిచ్చే మందిరం బాప్టిస్టరీ, దాని కంచు తలుపుల ముందు మాత్రం నిలవదు.

1424లో లియొనార్డో బ్రూనీ, ఆ తలుపులు చేయిస్తున్న కాలిమాలా వర్తక సంఘానికి ఉత్తరం రాశాడు. ఆయన గ్రీకు గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చిన పండితుడు, ఫ్లోరెన్స్ చరిత్రకారుడు. పాత నిబంధన నుంచి 20 కథలు, 8 మంది ప్రవక్తలు ఉండాలన్నాడు. కథలు కంటికి శోభగా ఉండాలట, గుర్తుంచుకోదగ్గ అర్థమూ ఉండాలట. ప్రతి కథ అంతరార్థం తెలియజెప్పడానికి శిల్పి పక్కనే తాను ఉంటే బాగుండునని కూడా అన్నాడు. (ఈ కోరిక మనందరికీ ఉన్నదే!) మొత్తం 28. అక్కడి పాత తలుపులు రెండు జతల్లోనూ ఒక్కో జతకి 28 బొమ్మల పలకలే. అంత చదివిన మనిషీ పాత చట్రం దాటలేదు.

ఆ తలుపులు పోతపోసిన శిల్పి గిబెర్తీ దాటాడు. 1452లో పని ముగిసేసరికి తలుపుల మీద ఉన్నవి 10 పెద్ద పలకలు. ఆదాము సృష్టి, హవ్వ సృష్టి, పండు తినడం, తోట నుంచి గెంటివేత అన్నీ ఒక్క పలకలోనే. ముందు బొమ్మలు దాదాపు ఊడి బయటికొచ్చేలా ఉంటాయి, వెనకవి గోటితో గీసినంత పలచన. ఏ ఘట్టాన్ని ముందుకు లాగాలి, దేన్ని వెనక్కి నెట్టాలి అన్నది బ్రూనీ జాబితాలో దొరకదు. నీ కథల్లో నాకు కనబడే లోటూ అదే: పెళ్లీ, చావూ, బస్సు ప్రయాణమూ అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి.

ఇంకో సంగతి. తనకు నచ్చినట్టు చేసే స్వేచ్ఛ ఇచ్చారని గిబెర్తీయే తర్వాత తన 'వ్యాఖ్యల'లో రాసుకున్నాడు. శిల్పి కలం పట్టాడన్నమాట. బ్రూనీ పోయాక ఫ్లోరెన్స్‌లోని శాంతా క్రోచే చర్చిలో ఆయన సమాధిని శిల్పి బెర్నార్డో రొసెల్లీనో చెక్కాడు. రాతి బ్రూనీ గుండెల మీద రాతి పుస్తకం. శిల్పం నుంచి కలం వైపు వచ్చే ఈ రెండో దారి ఊసే నీ వ్యాసంలో లేదు.

కవి, పండితుడు పోలిజియానో చెప్పిన కథతో మైకెలాంజెలో సెంటార్ల (సగం మనిషి, సగం గుర్రం) యుద్ధం చెక్కాడన్న పేరా మాత్రం ఉంచు, మైకెలాంజెలో జీవితచరిత్ర రాసిన కొండివి అలాగే రాశాడు. కాకపోతే ఆ పలక ఫొటో ఎదురుగా పెట్టుకుని తిరగరాయి. ఆ ఒళ్ల పెనుగులాటలో ఎవరు మనిషో, ఎవరు సెంటారో ఎంతవరకు తెలుస్తోందో చూసి రాసి, నాకు పంపు.

మీ అన్నయ్య