అటక మీది ట్రంకు పెట్టె

ఉత్తరం (కుదించి): "అక్కా, వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అత్తగారికి 71 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వెన్నెముక దాకా పాకింది. ఇక కీమో దండగ, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు డాక్టర్లు. నాలుగు నెలలుగా అన్నీ నేనే చూస్తున్నాను. నొప్పికి మార్ఫిన్ రాసిచ్చారు గానీ మావారు తెప్పించనివ్వలేదు. అది మొదలుపెడితే చావుకి ఒప్పుకున్నట్టే, విశ్వాసం లేనట్టే అంటారు. ఇంట్లో వారానికి మూడు ఉపవాస ప్రార్థనలు జరుగుతున్నాయి. మేమిద్దరమే ఉన్నప్పుడు అత్తగారు నా చేతులు పట్టుకుని 'ఏదో ఒక ఇంజక్షన్ చేయించి పంపించెయ్యమ్మా' అంటోంది. కెనడాలో ఉన్న మా మరిది అక్కడ ఇది చట్టప్రకారమే చేస్తారని చెప్పాడు. మా పాస్టరు అయ్యగారు మాత్రం ఆ ఆలోచనే పాపం అన్నారు. క్రైస్తవురాలిగా నేనేం చెయ్యాలి? ఆమె కోరిక తీరిస్తే నాకు క్షమాపణ ఉంటుందా?" – ఒక కోడలు

చెల్లీ,

నీ ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను, దాని మీద ఎక్కువసేపు కూర్చోను. ఇంజక్షన్ మాట మర్చిపో. మన దేశంలో అది నేరం, జైలుకి వెళ్లేది నువ్వు. మీ మరిది చెప్పింది అబద్ధం కాదు, కెనడాలో 2016 నుంచి ఆ చట్టం ఉంది. కాకపోతే అక్కడి ప్రభుత్వ వైద్యానికి అర్హత ఉన్నవాళ్లకే అది. తెనాలి పక్క పల్లెలో మంచాన ఉన్న తల్లికి దానితో ఏం పని? ఈసారి ఫోన్ చేస్తే, చట్టాలు తర్వాత మాట్లాడుకుందాం, ముందు టికెట్ బుక్ చేసుకుని రమ్మను.

ఇక పాపమా కాదా అన్నది. ప్రాణం ఇచ్చినవాడిదే, తీసుకునే హక్కూ ఆయనదే అని చాలా సంఘాలు నమ్ముతాయి. నేనూ అదే నమ్ముతాను. అయితే క్రైస్తవులంతా ఒకే మాట మీద ఉన్నారని అనుకోకు. ఇంగ్లండు సంఘానికి ఒకప్పుడు పెద్దగా ఉన్న ఆర్చిబిషప్ జార్జ్ కేరీ 2014లో తన పాత అభిప్రాయం మార్చుకుని, అలాంటి చట్టం ఉండాలన్నారు. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ 2016లో, 85 ఏళ్లు నిండినప్పుడు, ఆ వెసులుబాటు తనకూ ఉండాలని రాశారు. వాళ్లని భక్తి లేనివాళ్లు అనే ధైర్యం నాకు లేదు. అలాగని ఒప్పుకోనూ లేను. ముఖ్యంగా మీ ఇంటి విషయంలో అసలు ఒప్పుకోను. నొప్పికి మందు ఇవ్వకుండా, నోరు తెరవనివ్వకుండా మూలన పడుకోబెట్టిన మనిషి చావు అడిగితే, అది ఆమె కోరుకుని అడిగిందని ఎలా అనుకోమంటావు?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో అయ్యగారు ఉన్నారు, మరిది ఉన్నాడు, పాపం, క్షమాపణ అన్నీ ఉన్నాయి. మీ ఆయన మాత్రం మందు వద్దనడానికీ, ప్రార్థన పెట్టించడానికీ తప్ప ఎక్కడా కనబడడు. మూడో పేజీలో నువ్వు మాట వరసకి రాసిన సంగతి దగ్గర నేను ఆగిపోయాను. ప్రార్థనకి వచ్చినవాళ్లు పాటలు పాడుతున్నంతసేపూ ఆవిడ తువ్వాలు కొస పళ్ల మధ్య పెట్టుకుని బిగబట్టి ఉంటుందనీ, మూలుగు బయటికి వస్తే కొడుకు చిన్నబుచ్చుకుంటాడని ఆమె భయమనీ రాశావు. మంచం తల దగ్గర గోడకి ఈ ఏడు జనవరి 1న చర్చిలో ఆవిడ తీసుకున్న వాగ్దానం కార్డు, అంటే ఏడాదికి ఆసరాగా ఇచ్చే బైబిలు వాక్యం, అంటించి ఉంది, 'నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే' అని. ఆవిడ చావు మాట ఎత్తితే చాలు, మీ ఆయన ఆ కార్డు చూపించి "అలా అనకమ్మా" అని బయటికి వెళ్లిపోతాడు. ఆ తలుపు మూసుకున్నాక ఆవిడకి మిగిలింది నువ్వు. కొడుకుతో చెప్పుకోవాల్సినదంతా కోడలి చేతులు పట్టుకుని చెబుతోంది.

గొడవంతా ఆ తల్లికీ ఆ కొడుక్కీ మధ్యన ఉందమ్మా. నువ్వు మధ్యలో నలుగుతున్నావు.

మీ ఆయన చెడ్డవాడని నేననను. తల్లి పోతుందంటే తట్టుకోలేకపోతున్నాడు. అది విశ్వాసం అనుకుంటున్నాడు, నాకైతే భయంలా ఉంది. ఆయన దగ్గరకి మార్ఫిన్ చీటీ పట్టుకుని వాదనకి వెళ్లకు. బైబిలు పట్టుకుని వెళ్లు, ఆయనకి కాదనడానికి కుదరదు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదవమను. ఏలీయా అంతటి ప్రవక్త బదరీ చెట్టు కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. దేవుడు ఆయన్ని కోప్పడలేదు, విశ్వాసం లేదనలేదు. నిద్రపోనిచ్చాడు. దూతని పంపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ తినిపించాడు. మీ అత్తగారు అంటున్నదీ అదే మాట. అయ్యగారు 'ఆ ఆలోచనే పాపం' అన్నారు కదా, ఈ అధ్యాయం ఆయన కూడా ఇంకోసారి చదివితే మంచిది.

మార్ఫిన్ సంగతి. 1957లో మత్తు డాక్టర్లు కొందరు పోప్ పన్నెండో పయస్‌ని సరిగ్గా మీ ఆయన ప్రశ్నే అడిగారు: నొప్పి తగ్గించే మందు స్పృహని మసకబార్చినా, ఆయుష్షుని కొంత తగ్గించినా ఇవ్వవచ్చా అని. వేరే దారి లేనప్పుడు, ఉద్దేశం నొప్పి తగ్గించడమే అయినప్పుడు ఇవ్వవచ్చన్నారాయన. మీరు కథోలికులు కారు, సరే. ప్రొటెస్టెంట్ల మాట కావాలంటే లండన్‌లో 1967లో, చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన డాక్టరు సిస్లీ సాండర్స్‌ని చూడు. గట్టి విశ్వాసి. చావు ఇంజక్షన్‌కి చివరిదాకా వ్యతిరేకే. మార్ఫిన్‌ని నొప్పి వచ్చి అరిచాక కాదు, గడియారం చూసి, నొప్పి రాకముందే ఇవ్వాలని పట్టుబట్టింది ఆవిడే. నొప్పి లేకపోతేనే మనిషికి ప్రార్థించే ఓపిక ఉంటుంది. తువ్వాలు కొరుకుతూ ఎవరు ప్రార్థించగలరు?

ఆ మాత్రలు మామూలు మందుల షాపులో దొరకవు, అనుమతి ఉన్న ఆస్పత్రుల్లోనే ఇస్తారు. చీటీ రాసిన డాక్టర్నే అడుగు, దగ్గరలో పాలియేటివ్ కేర్, అంటే జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యం, ఎక్కడుందో చెబుతారు. మోతాదు వాళ్లే చెప్పాలి. మలబద్ధకం ఖాయంగా వస్తుంది, దానికీ మందు అప్పుడే రాయించుకో. మాత్రలు నీ దగ్గరే, తాళం వేసి పెట్టు.

ఇంకోటి. చివర్లో ఊపిరి అందకపోతే పెద్దాస్పత్రికి తీసుకెళ్లి వెంటిలేటర్ పెట్టించాలని మీ ఆయన అనుకుంటున్నాడన్నావు. మా నాన్నగారికి మేం అదే చేశాం. పంతొమ్మిది రోజులు ఐసీయూ అద్దం ఇవతల నిలబడ్డాను. గొంతులో గొట్టం, చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయి. ఆయన నాకేదో చెప్పాలని చూశారు. అదేమిటో నాకిప్పటికీ తెలియదు. మీ అత్తగారికి తెలివి ఉంది కాబట్టి, ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018లో దానికి ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ఉంటే చాలు. పనికిరాని వైద్యం వద్దనడం ఆత్మహత్య కాదు, చాలా సంఘాలు దాన్ని తప్పుపట్టవు కూడా. ఇంజక్షన్‌కీ దీనికీ తేడా మీ ఆయనకి నెమ్మదిగా చెప్పు.

ఇప్పుడు నీ సంగతి. నాలుగో పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశావు. కొట్టేసినా కనబడుతోంది: 'ఆమె త్వరగా పోతే బాగుండని నాకే అనిపిస్తోంది.' నాలుగు నెలలుగా సరిగా నిద్రలేని ఏ మనిషికైనా అనిపిస్తుంది, దానికి కుమిలిపోకు. రేపటి నుంచి వారంలో రెండు రాత్రులు ఆ గదిలో మీ ఆయన పడుకోవాలి. సంఘంలో ఆడవాళ్లు ప్రార్థనకి అంతమంది వస్తున్నారు కదా, ఒకరు పగలు రెండు గంటలు కూర్చుంటే తప్పేం లేదు, మొహమాటం లేకుండా అడుగు. మనసు మరీ చెడు ఆలోచనల వైపు పోతుంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్, ప్రభుత్వానిదే, డబ్బులేం తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆయన ఆ గదిలో పడుకున్న మొదటి రాత్రి ఏం మాట్లాడాలో తెలియక తికమకపడతాడు. ఆదికాండం చివరి అధ్యాయాలు గుర్తుచెయ్యి. యాకోబు కొడుకుల్ని పిలిచి కూర్చోబెట్టి, తనని మక్పేలా గుహలో, తాతల పక్కన పాతిపెట్టమని చెప్పాడు. "అలా అనకు నాన్నా" అని ఏ కొడుకూ నోరు మూయించలేదు. మీ అత్తగారికీ చెప్పుకోవాల్సినవి ఉంటాయి. సమాధుల తోటలో మామగారి పక్కన చోటు, పాడవలసిన కీర్తన, చేతి గాజులు ఎవరికి అన్నవి. వాగ్దానం కార్డు గోడ మీదే ఉండనీ, తీసేయాల్సిన పని లేదు.

పండక్కి ముందు ఆవిడ అటక మీది ట్రంకు పెట్టె దింపమని అడిగితే, మీ ఆయన "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అని కసురుకున్నాడని రాశావు. అందులో ఏముందో నాకు తెలుసు, మా అమ్మ పెట్టెలోనూ ఉండేది. ఒక తెల్లచీర, ఇస్త్రీ మడతలో, కలరా ఉండల వాసనతో. ఆ పెట్టె నువ్వు దింపకు. మీ ఆయన చేతే దింపించు. ఆవిడ మంచం పక్కన పెట్టించి, తాళంచెవి ఆయన చేతికిచ్చి, నువ్వు వంటింట్లోకి వెళ్లిపో.